కారులో పాట గరగరమంటే



మిక్సీ తిరగడం లేదనుకోండి. మనం వెంటనే కొత్త మిక్సీ కొనం. కరెంటు ఉందా, ప్లగ్గు సరిగ్గా దిగిందా, జారు కుదురుగా కూర్చుందా అని ఒకదాని తర్వాత ఒకటి చూస్తాం. సాంబారు రుచి తప్పితే ఉప్పా, పులుపా, పొడా అని నాలుక మీద వేసుకుని తేలుస్తాం. అదే కారులో పాటల సెట్టు మూగబోతే మాత్రం, అది మన పని కాదన్నట్లు చేతులు కట్టుకుని కూర్చుంటాం. నేనూ అలా కూర్చున్నదాన్నే. ఒక ప్రయాణంలో జరిగిన సంగతి నా చేత ఈ నాలుగు మాటలూ నేర్పించింది. అది ముందు చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

చేవెళ్లలో మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. హైదరాబాదు నుంచి పొద్దున్నే బయలుదేరాం. వెనక సీటులో అత్తయ్యగారు, పిల్లలు. అప్పా జంక్షన్ దాటి, మొయినాబాదు మీదుగా బీజాపూర్ రోడ్డు పట్టుకుని వెళుతున్నాం. ఆ దారి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళేవాళ్ళు, అనంతగిరి కొండలకు వెళ్ళేవాళ్ళు ఆ వైపే వెళతారు. రోడ్డుకు ఇటూ అటూ ఊడలు దిగిన పెద్ద పెద్ద మర్రిచెట్లు. అత్తయ్యగారు భక్తి పాటలు పెట్టమన్నారు. పెట్టాం. రెండు పాటలయ్యాయో లేదో ఎడమ వైపు శబ్దం ఆగిపోయింది. గతుకు వస్తే మళ్ళీ పలికింది. ఇంకో గతుకుకి పోయింది. పిల్లలు గోల. మావారు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, తల వంచి, రెండో చేత్తో సెట్టును రెండు దెబ్బలు తట్టారు.

ఆ రెండు క్షణాల్లోనే ఎదురుగా ఒక టిప్పర్, ఇంకో బండిని దాటుతూ మా వైపుకి వచ్చేసింది. నేను కేక పెట్టాను. మావారు కారును మట్టి అంచులోకి దింపేశారు. కారు ఆగాక చూస్తే మర్రిచెట్టు మొదలు నా తలుపుకి బారెడు దూరంలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. చేవెళ్ల చేరే దాకా కారులో ఎవరం నోరు విప్పలేదు. అదే చేవెళ్ల మండలంలో మీర్జాగూడ దగ్గర 2025 నవంబరులో ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఎందరో పోయారు. ఆ ప్రమాదానికీ పాటలకూ సంబంధం లేదు. అయినా అటువంటి దారి మీద బండి నడిపే మనిషి కళ్ళు రెండు క్షణాలు పక్కకి తిప్పకూడదని చెప్పడానికి గుర్తు చేస్తున్నాను.

ఇంతకీ ఆ సెట్టు సంగతి. వారం ముందే నగరంలో ఒక దుకాణంలో చూపించాం. సెట్టూ పోయింది, స్పీకర్లూ పోయాయి, మొత్తం మార్చాలి, 12,000 అవుతుందన్నారు. సరే, పండగ తర్వాత చూద్దామని వచ్చేశాం. వ్రతం రోజున మా అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, ఆ ఊళ్ళోనే కార్లకు కరెంటు పని చేసే ఒక కుర్రవాణ్ణి పిలిపించారు. అతను స్క్రూడ్రైవర్ తీయలేదు. ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"అమ్మా, తలుపు తీసినప్పుడు బందయితదా, ఏసినప్పుడు బందయితదా?"

నేను ఎప్పుడూ గమనించనే లేదు. పాట పెట్టి, ముందు ఎడమ తలుపు మెల్లగా తెరిచి చూశాం. సగం తెరిస్తే పలికింది, పూర్తిగా తెరిస్తే ఆగింది. తలుపుకీ కారు ఒంటికీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది చూడండి, స్పీకర్ వైర్లు అందులోంచే వెళతాయి. తలుపు తీసి వేసి, తీసి వేసి, లోపల వైరు తెగింది. పై తొడుగు బాగానే ఉంది కనుక కంటికి కనిపించదు. గంటలో పని అయిపోయింది. సెట్టుకీ స్పీకరుకీ ఏ జబ్బూ లేదు.

అంతటితో అయిపోలేదు. సెట్టు బయటికి లాగి చూసిన ఆ అబ్బాయి మొహం మాడ్చాడు. "ఫ్యూజ్ ఏదమ్మా?" అన్నాడు. అంతకు ముందు సెట్టు బిగించినవాళ్ళు ఎవరో బ్యాటరీ నుంచి వచ్చే వైరును ఫ్యూజు లేకుండా నేరుగా మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేశారు. వేడికి ఆ టేపు జిగురు కారి, ఊడి వేలాడుతోంది. ఆ వైరు ఇనుముకి తగిలితే నిప్పే. మేము పాట రావడం లేదని చిరాకు పడుతున్నాం గానీ, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ముప్పు మాకు తెలియనే తెలియదు.

ఇక అసలు విషయం. కారులో పాట మన చెవికి ఎలా వస్తుందో ఒక్కసారి మనసులో బొమ్మ కట్టుకోండి. మేడ మీద ట్యాంకు, పైపు, కొళాయి ఉన్నట్లే ఇక్కడా వరస ఉంది. మొదటిది పాట పుట్టే చోటు: ఫోను, పెన్‌డ్రైవ్, రేడియో, పాత కార్లయితే క్యాసెట్టో సీడీయో. రెండోది సెట్టు. అది ఆ చిన్న సంకేతాన్ని పెద్దది చేస్తుంది. కొన్ని కార్లలో ఈ పనికి సీటు కింద వేరే యాంప్లిఫయర్ ఉంటుంది. మూడోది వైర్లు. నాలుగోది స్పీకర్లు. వీటన్నిటికీ శక్తినిచ్చేది 12 వోల్టుల బ్యాటరీ. చెడింది ఈ వరసలో ఏ మెట్టు దగ్గరో తేల్చుకోవడమే సగం వైద్యం. దానికి ఒకటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది చెడిందో, ఏది బాగుందో చివరికి తెలియదు.

పరీక్ష చేసేటప్పుడు కారు ఆగి ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. ఇంజను నడిపి చూడాల్సి వస్తే ఆరుబయటే చూడండి. మూసిన గ్యారేజీలో ఇంజను నడిపితే పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది.

మొదటి రకం, అసలు శబ్దమే లేదు. సెట్టు మీద దీపం వెలుగుతోందా చూడండి. వెలగకపోతే ముందు ఫ్యూజును అనుమానించాలి. ప్రెషర్ కుక్కరుకి సేఫ్టీ వాల్వు ఎలాంటిదో కరెంటుకి ఫ్యూజు అలాంటిది. ఎక్కువైతే తను కరిగిపోయి మిగతావాటిని కాపాడుతుంది. ఫ్యూజు పెట్టె ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. సెట్టు వెనక కూడా ఒకటి ఉంటుంది. ఫ్యూజు మీద 10 అనో 15 అనో అంకె ఉంటుంది. కాలిపోతే అదే అంకె ఉన్నది వేయాలి. పెద్ద అంకెది వేయడం, సిగరెట్ పెట్టె లోపలి వెండి కాగితం చుట్టడం, రాగి తీగ పెట్టడం చేయనే చేయకండి. సేఫ్టీ వాల్వు బదులు మేకు బిగించినట్లవుతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఇంకోటి వేయకుండా ఆగిపోండి. ఎక్కడో వైరు ఒరుసుకుని ఇనుముకి తగులుతోందని అర్థం.

దీపం వెలుగుతున్నా శబ్దం లేకపోతే, మ్యూట్ నొక్కి ఉందేమో, సెట్టు రేడియో మీద ఉంటే మనం ఫోనులో పాట వేస్తున్నామేమో చూడండి. నవ్వకండి, మా ఇంట్లోనే రెండుసార్లు జరిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నాలుగు స్పీకర్లూ ఒక్కసారే ఆగిపోయాయి అంటే, నాలుగూ ఒకే రోజు చెడడం అరుదు. తప్పు సెట్టులోనో, దానికి వచ్చే కరెంటులోనో ఉంటుంది. లేదా ఏదో ఒక స్పీకర్ వైరు కారు ఒంటికి తగిలి, సెట్టు తనను తాను కాపాడుకోవడానికి నోరు మూసుకుని ఉంటుంది. అటువంటప్పుడు నాలుగు స్పీకర్లూ మార్చమంటే ఒప్పుకోకండి.

రెండో రకం, ఒక వైపే పలకడం. సెట్టులో బ్యాలెన్స్, ఫేడర్ అని రెండు ఏర్పాట్లుంటాయి. బ్యాలెన్స్ కుడి ఎడమలకు, ఫేడర్ ముందు వెనకలకు. పిల్లలు తిప్పేసి ఉంటే కూడా ఒక వైపు మూగబోతుంది. కనుక రెండింటినీ మధ్యకి తెచ్చి చూడండి. తర్వాత ఒక్కొక్క మూలకే శబ్దం పంపండి: ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ. ఏ మూల పలకడం లేదో కాగితం మీద రాసుకోండి. ఆ మూల తలుపు తీసి, వేసి వినండి. మెకానిక్ వచ్చాక ఒక మాట చెప్పండి. సెట్టు వెనక కుడి, ఎడమ స్పీకర్ వైర్లను అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడమనండి. మూగతనం రెండో వైపుకి మారితే తప్పు సెట్టుది. మారకుండా ఉన్న చోటే ఉంటే తప్పు వైరుదో స్పీకరుదో. స్పీకరును విడదీసి మల్టీమీటర్ పెడితే, మామూలు 4 ఓముల కారు స్పీకరుకి మూడు నుంచి నాలుగు మధ్య ఏదో అంకె చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే లోపలి తీగచుట్ట తెగిందన్నమాట. ఇదంతా ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా కొత్తది కొనకూడదు.

మూడో రకం, పాటతో పాటు వేరే చప్పుడు. ఇది అందరినీ వేధించేదే. కారులో రేడియో పెట్టాలన్న ఆలోచన ఎంత పాతదో ఈ చప్పుడు గొడవా అంత పాతది. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో మోటరోలా అన్న పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో కూడా ఇంజను నిప్పురవ్వల చిటపటలు రేడియోలో వినబడకుండా చేయడమే పెద్ద తలనొప్పి. ఇప్పటికీ విషయం అదే, రూపం మారిందంతే. ముందు ఇంజను ఆపి, తాళం ఒక మెట్టు మాత్రమే తిప్పి పాట వినండి. తర్వాత ఇంజను నడిపి వినండి. ఇంజను నడిస్తేనే సన్నగా కీచుమని వస్తూ, యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ ఆ కీచు పైకి లేస్తుంటే, అది బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ నుంచి వస్తోంది. సాధారణంగా ఎర్తు వైరు సరిగ్గా బిగియకపోవడమో, రంగు మీద బిగించడమో, సెట్టుకీ యాంప్లిఫయరుకీ వేరు వేరు చోట్ల ఎర్తు ఇవ్వడమో దీనికి కారణం. యాంప్లిఫయరుకి వెళ్ళే పాట వైరూ, కరెంటు వైరూ పక్కపక్కనే కలిపి కట్టినా ఇదే గోల. రంగు గీకి, శుభ్రమైన ఇనుము మీద ఎర్తు గట్టిగా బిగిస్తే చాలాసార్లు పోతుంది.

దానికి ముందు మనం చేయగల పరీక్ష ఇంకోటుంది. ఫోను ఛార్జర్ పీకి చూడండి. ఫోను ఒక వైరుతో సెట్టుకి, ఇంకో వైరుతో ఛార్జరుకి కలిపి ఉంటే కీచు, గురగుర మామూలే. పీకగానే పోయిందంటే మెకానిక్ దగ్గరికి వెళ్ళనక్కరలేదు. ఛార్జర్ మార్చండి, లేదా పాట వినేటప్పుడు ఛార్జింగ్ పెట్టకండి. ఇంకొక చిట్కా, శబ్దం తగ్గించే మీట తిప్పి చూడండి. పాటతో పాటు చప్పుడూ తగ్గితే అది ఫోను, రేడియో వైపు నుంచి వస్తోంది. పాట తగ్గినా చప్పుడు అలాగే ఉంటే సెట్టు తర్వాతి మెట్లలో, అంటే యాంప్లిఫయర్లోనో వైర్లలోనో ఉంది. బ్లూటూత్‌లో పాట వెనక హుస్సుమని వినబడితే ఫోను శబ్దం బాగా పెంచి, సెట్టు శబ్దం తగ్గించి చూడండి. ఫోనులో తక్కువ పెట్టి సెట్టులో గట్టిగా పెంచితే పాటతో పాటు ఆ హుస్సు కూడా పెద్దదవుతుంది.

నాలుగో రకం, గరగర, బర్రుమనడం. ముందు తలుపు అరలో ఉన్న చిల్లర డబ్బులు, నీళ్ళ సీసా, కళ్ళజోడు తీసేయండి. పాట పెట్టి తలుపు లోపలి అట్టను అరచేత్తో నొక్కి పట్టండి. గరగర ఆగితే అది అట్ట వదులు, స్పీకర్ జబ్బు కాదు. తర్వాత బేస్ తగ్గించి చూడండి. మన పిల్లలు బేస్ చివరి దాకా పెంచి వదిలేస్తారు. చిన్న స్పీకర్ దాన్ని మోయలేక చిరుగుతుంది. తక్కువ శబ్దంలో కూడా గరగరమంటుంటే కాగితపు గరాటా చిరిగిందనో, దుమ్ము చేరిందనో అనుకోవాలి. వానాకాలం తర్వాత ఈ జబ్బు ఎక్కువ. తలుపు అద్దం పక్క నుంచి నీళ్ళు లోపలికి దిగడం మామూలే, అవి బయటికి పోవడానికి తలుపు అడుగున సన్నని కన్నాలుంటాయి. మొయినాబాదు, చేవెళ్ల వైపు మట్టి దారుల్లో తోటలకి తిరిగి వచ్చే కార్లకి ఆ కన్నాలు మట్టితో పూడుకుంటే నీళ్ళు లోపలే నిలిచి స్పీకర్ నానుతుంది. కారు కడిగించేటప్పుడు ఆ కన్నాలు ఒకసారి చూడమనండి. ఖర్చు లేని పని.

ఐదో రకం కొంచెం విచిత్రం. కొత్త స్పీకర్లు వేశాక పాట పీలగా, మృదంగం బలం లేకుండా, గాయకుడు ఎక్కడ నిలబడి పాడుతున్నాడో తెలియకుండా వినబడుతుంది. స్పీకరుకి కూడిక, తీసివేత గుర్తులతో రెండు కొసలుంటాయి. ఒక వైపు సరిగ్గా, రెండో వైపు తిరగేసి కలిపితే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. కవ్వం తాడును ఇద్దరు ఒకేసారి లాగితే మజ్జిగ ఎలా చిలకదో అలా, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. బ్యాలెన్స్ మధ్యలో ఉన్నప్పటికన్నా, ఒక వైపుకే తిప్పినప్పుడు మృదంగం బలంగా వినబడితే ఇదే కారణం. కంపెనీ బయట కొన్న సెట్లలో నల్ల చార ఉన్న స్పీకర్ వైరు తీసివేత గుర్తుకి వెళ్ళాలి. రెండు కొసలు మార్చడమే, కొనేదేమీ లేదు.

ఆరోది రేడియో. హైదరాబాదులో ఆకాశవాణి ఎఫ్.ఎం. రెయిన్‌బో 101.9 మీద, వివిధభారతి 102.8 మీద వింటాం. నగరంలో స్పష్టంగా వినబడేది, దూరం పెరిగి కొండలు గుట్టలు అడ్డం వచ్చిన కొద్దీ సన్నగిల్లుతుంది. ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు తిన్నగా ప్రయాణించేవి కనుక అది సహజం, సెట్టును తిట్టకండి. నగరం నడిబొడ్డున కూడా గరగరమంటే మాత్రం ఏరియల్ వదులైందేమో చూసి చేత్తో తిప్పి బిగించండి. ఛార్జరు, డ్యాష్ కెమెరా పీకి చూడండి. చౌకరకం ఛార్జర్లు రేడియోకి పగవాళ్ళు. కొత్త సెట్టు వేయించాకే రేడియో నీరసించిందంటే ఇంకో అనుమానం ఉంది. కొన్ని కార్ల ఏరియల్‌కి కూడా కరెంటు కావాలి. దానికి సెట్టు నుంచి నీలం వైరు కలపాలి. బిగించినవాళ్ళు దాన్ని వదిలేసి ఉంటారు.

చివరగా పసుపు, ఎరుపు వైర్ల సంగతి. బయట కొన్న సెట్లలో పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీతో ఉంటుంది, గడియారాన్నీ మనం పెట్టుకున్న స్టేషన్లనూ గుర్తుంచుకోవడానికి. ఎరుపు వైరు తాళం తిప్పితేనే పనిచేస్తుంది. రెండూ తారుమారైతే కారు ఆపినప్పుడల్లా సెట్టు అన్నీ మరిచిపోతుంది. రెండింటినీ కలిపి బ్యాటరీకే ఇస్తే తాళం తీసినా సెట్టు మేలుకునే ఉండి, నాలుగు రోజులు కారు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. పొద్దున్నే పిల్లవాడి పరీక్షకో, ఆసుపత్రికో వెళ్ళాలని తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటుంది.

ఇవన్నీ చెప్పానని డ్యాష్‌బోర్డు ఊడదీయమనడం లేదు. వినడం, పీకి చూడడం, మీట తిప్పి చూడడం, రాసుకోవడం వరకే మన పని. ఈ కాలపు కార్లలో స్టీరింగ్‌లోనూ, చుట్టుపక్కలా ఎయిర్ బ్యాగుల వైర్లుంటాయి. వాటి జోలికి తెలియనివాళ్ళు పోకూడదు. కారుకి ఇంకా గ్యారంటీ ఉంటే వైర్లు కోసే ముందు అమ్మినవాళ్ళను అడగండి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ కాగితం పట్టుకెళ్ళండి. ఏ మూల, ఎప్పుడు, ఇంజను నడుస్తుంటేనా ఆగితేనా, ఛార్జర్ పీకితే ఏమైంది, తలుపు తీస్తే ఏమైంది, ఈ ఐదూ రాసి ఉంటే "మొత్తం మార్చాలమ్మా" అనడానికి ఎదుటివాడికి నోరు రాదు. మార్చిన పాత భాగం తిరిగి ఇవ్వమని అడగండి. వచ్చే ముందు "ఫ్యూజు ఎక్కడ పెట్టావు బాబూ, చూపించు" అని అడిగి, కళ్ళారా చూసి రండి. కాలిన వాసన వస్తే పాట సంగతి తర్వాత. బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, పిల్లలతో సహా దిగి దూరంగా నిలబడండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. కారు కదిలాక సెట్టు మీద చెయ్యి వేసేది పక్క సీటులో ఉన్నవాళ్ళే. పక్కన ఎవరూ లేకపోతే, పాట ఎంత గరగరమన్నా సరే, గమ్యం చేరే దాకానో, రోడ్డు దిగి విశాలమైన చోట బండి ఆపే దాకానో దాని జోలికి వెళ్ళకూడదు. అత్తయ్యగారు మొదట నవ్వారు గానీ, మొన్న చేవెళ్ల వెళ్ళినప్పుడు పాట మధ్యలో ఆగితే "పోనీలేరా, ఆ రోడ్డు చూసి నడుపు" అని మావారితో ఆవిడే అన్నారు. మీరూ మీ ఇంట్లో ఈ మాట అనుకుని చూడండి. ఈ వారమే ఒక పూట తీరిక చేసుకుని, కారు ఇంటి ముందు నిలిపి ఉండగానే, నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా పలికించి చూసుకోండి.

సెలవు.